బిడ్డ చదివే కథ తల్లీ చదవాలి

(కనకమామిడిలో మహిళా సంఘం అక్కల ముందు చేసిన ప్రసంగం)



పొద్దంతా పని చేసి వచ్చారు. కొందరు బంతిపూలు కోసి వచ్చారు. కొందరు టమాటా తెంపి వచ్చారు. కొందరు ఇంట్లో వంట చేసి, బర్రెకు గడ్డి వేసి వచ్చారు. కాళ్లు గుంజుతున్నా వచ్చి కూర్చున్నారు. ఈ రోజు మాట పొదుపు గురించి కాదు, అప్పు గురించీ కాదు. ఈ రోజు మాట కథల గురించి.

“కథలా? మేమేమన్న చిన్నపిల్లలమా?” అని మీరు నవ్వవచ్చు. నవ్వండి. నవ్వి, చివరిదాకా వినండి. ఇది మీ ఇంట్లో ఎదుగుతున్న బిడ్డ గురించిన మాట.

కథ ఏం చేస్తుంది?

నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు ఉంది. 1990 తర్వాత ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. మీలాగే ఆడవాళ్లు రాత్రి బడికి పోయారు. పలక పట్టారు. వాళ్లకు ఇచ్చిన వాచకంలో సీతమ్మ కథ ఉంది. ఒక ఊరి ఆడవాళ్లు ఒక్కటై సారా దుకాణం మూయించిన కథ అది.

దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివారు. “వాళ్లు చేసినప్పుడు మనం ఎందుకు చేయలేము?” అని అడిగారు. రోశమ్మ లాంటి వాళ్లు ముందు నడిచారు. 1992లో ఊళ్లోకి సారా రానివ్వమని తేల్చి చెప్పారు. ఆ మాట ఊరు దాటింది. జిల్లా దాటింది. 1993 అక్టోబరు 1న అప్పటి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది.

ఆ కథలో రాజు లేడు. రాకుమారి లేదు. మాయల ఫకీరు లేడు. తమ లాంటి ఆడది ఉంది. తమ ఇంటి కష్టం ఉంది. అందుకే ఆ కథ వాళ్ల గుండెకు తాకింది. తన గురించిన కథ చదివినప్పుడు మనిషికి ధైర్యం వస్తుంది. “ఈ కష్టం నా ఒక్కదానిది కాదు” అని తెలుస్తుంది.

ఇప్పుడు ఆలోచించండి. మీకు మీ కథ దొరికింది. మరి మీ బిడ్డకు తన కథ దొరికిందా?

నడిమి వయసు

చిన్నపిల్లలకు కథలు ఉన్నాయి. కాకి, నక్క, కుందేలు కథలు ఉన్నాయి. అవ్వ చెప్పే కథలు ఉన్నాయి. పత్రికలూ వచ్చాయి. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘బాల’ పత్రిక పెట్టారు. పిల్లలు వాళ్లను రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పిలిచేవారు. 1947 జూలైలో ‘చందమామ’ వచ్చింది. చాలా ఏళ్లు అది ఇంటింటా చదివిన పత్రిక. తర్వాత అది కూడా ఆగిపోయింది.

పెద్దవాళ్లకూ కథలు ఉన్నాయి. నవలలు ఉన్నాయి. టీవీలో సీరియళ్లు ఉన్నాయి.

12 ఏళ్లు నిండి 18 ఏళ్లు నిండని పిల్లల సంగతి ఏమిటి? వాళ్లు కాకి నక్క కథలు దాటిపోయారు. పెద్దవాళ్ల కథలు వాళ్లకు ఇంకా అందవు. అది నడిమి వయసు. ఒళ్లు మారే వయసు. మనసులో వెయ్యి ప్రశ్నలు లేచే వయసు. తల్లికి చెప్పుకోలేని మాటలు పుట్టే వయసు. బడి మాన్పించేది ఆ వయసులోనే. పెళ్లి సంబంధాలు చూసేది ఆ వయసులోనే. మగపిల్లలు తప్పుదారి పట్టేదీ ఆ వయసులోనే.

కష్టం ఎక్కువ ఉన్న వయసుకే కథలు తక్కువ ఉన్నాయి. ఆ వయసు పిల్లల కోసం రాసేవాళ్లు కూడా తక్కువే. ఉన్న కొద్దిమందిని నిలబెట్టుకోవాలి. ఈ రోజు చెప్పదలచిన మాట ఇదే.

ఒక ఇంటి కథ

ఒక ఇంటి కథ చెప్పుకుందాం. ఇందులో తల్లికి పేరు పెట్టలేదు. ఎందుకంటే ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. ఏ ఇంట్లోనైనా జరగవచ్చు. కనకమామిడిలోనే అనుకోండి.

ఒక తల్లి ఉంది. పూలతోటలో కూలికి పోతుంది. నిరుడే చదవడం నేర్చుకుంది. బస్సు మీది బోర్డు చదువుతుంది. సంఘం పుస్తకంలో తన పేరు తానే రాస్తుంది. ఆమెకు 14 ఏళ్ల బిడ్డ ఉంది. తొమ్మిదో తరగతి చదువుతుంది.

ఆ బిడ్డ కొన్నాళ్లుగా మాట తగ్గించింది. అడిగితే ఊ అంటుంది, లేకుంటే అదీ లేదు. ఒక రాత్రి లెక్కల పుస్తకం చాటున ఇంకో పుస్తకం పెట్టుకుని చదువుతున్నది. తల్లి చూసింది.

“ఏం దాస్తున్నవే?”

“ఏం లేదమ్మా.”

“పరీక్షల ముంగట గీ కథల పుస్తకమేంది? గిట్ల జదివితె పాసైతవా?”

తల్లి పుస్తకం గుంజుకుంది. బియ్యం డబ్బాలో పెట్టి మూత పెట్టింది. బిడ్డ ఏడవలేదు. గోడ దిక్కు తిరిగి పడుకుంది.

ఆ వారమే మేనత్త వచ్చింది. “పిల్ల ఎదిగింది వదినే. ఇంకెన్నొద్దులు ఇంట్ల వెట్టుకుంటవ్? మంచి సంబంధమున్నది. కట్నం గూడ ఎక్కువ అడుగుతలేరు” అంది. తల్లి ఔననలేదు. కాదనలేదు. బిడ్డ ముఖం చూసింది. ఆ ముఖంలో ఏమీ కనబడలేదు. తలుపు మూసిన ఇల్లు లాగా ఉంది.

ఆ రాత్రి తల్లికి నిద్ర రాలేదు. లేచి బియ్యం డబ్బా తీసింది. “దీంట్ల ఏమున్నదో సూస్త. ప్రేమల ముచ్చట్లున్నయా? పిల్లను ఖరాబు చేసేటియున్నయా?” అనుకుంది. బల్బు కింద కూర్చుని చదవడం మొదలుపెట్టింది.

ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. వత్తులు వచ్చిన చోట ఆగింది. ఒక పేజీకి గంట పట్టింది. కానీ వదలలేదు. ఎందుకంటే ఆ కథలోని మాటలు ఆమెకు తెలిసిన మాటలే. పొలం, గట్టు, నీళ్లు, కూలి, దొర.

ఆ కథలో 11 ఏళ్ల పిల్ల ఉంది. దళితుల పిల్ల. పేరు బాలమణి. పొలం పని చేసే పిల్ల. భూస్వామి ఆమెను పాడు చేయబోతాడు. ఆ పిల్ల భయపడి కూలబడదు. ఎదిరిస్తుంది. గెలిచి బయటపడుతుంది. ఊరు ఆమెకు పెట్టిన పేరు తాటకి.

మూడు రాత్రులు పట్టింది ఆ తల్లికి ఆ కథ చదవడానికి. మూడో రాత్రి పుస్తకం మూసి అట్లాగే కూర్చుంది. ఆమెకు తన 12 ఏళ్ల వయసు గుర్తొచ్చింది. అప్పుడు ఆమె మడికి నీళ్లు కట్టడానికి పోయేది. గట్టు మీద ఒకడు నిలబడి ఉండేవాడు. ఆ భయం ఆమె తన తల్లికి చెప్పలేదు. పెనిమిటికీ చెప్పలేదు. ఎన్నో ఏళ్లు లోపలే దాచుకుంది.

తెల్లారి పుస్తకానికి అంటిన తవుడు తుడిచింది. బిడ్డ చేతికి ఇచ్చింది.

“గీ పిల్ల మంచిగ జేసింది బిడ్డా” అంది.

బిడ్డ కళ్లు పెద్దవి చేసింది. “నువ్వు జదివినవా అమ్మా?”

“జదివిన. మూడు రాత్రులు వట్టింది.” తల్లి గొంతు తగ్గించింది. “నీ అంత ఉన్నప్పుడు నాకు గూడ గిసుంటి భయమే ఉండె. ఎవ్వలకు జెప్పలే.”

అప్పుడు బిడ్డ ఏడ్చింది. నెల రోజులుగా లోపల దాచుకున్నది బయటికి వచ్చింది. బస్సు స్టేజీ దగ్గర ఒక పిలగాడు రోజూ అడ్డం వస్తున్నాడు. చెయ్యి పట్టుకుంటున్నాడు. ఫోటో తీసిన అని బెదిరిస్తున్నాడు.

“నాకెందుకు జెప్పలే?”

“జెప్తె బడి మాన్పిస్తవని జెప్పలే. పెండ్లి జేసి పంపిస్తవని జెప్పలే.”

ఆ మాట తల్లి గుండెలో గుచ్చుకుంది. నిజమే. చెప్పి ఉంటే అదే చేసేది.

మరునాడు తల్లి బడి మాన్పించలేదు. సంఘంలో నలుగురిని వెంట తీసుకుని స్టేజీ దగ్గరికి పోయింది. బడిలో పెద్ద మేడంకు చెప్పింది. పిల్లల కోసం 1098 నంబరు ఉందని, ఫోను చేయవచ్చని మేడం చెప్పింది. పిల్లల మీద ఇట్లాంటి పనులు చేసేవారిని శిక్షించడానికి 2012లో పోక్సో చట్టం వచ్చిందని కూడా చెప్పింది. నలుగురు ఆడవాళ్లు వారం రోజులు స్టేజీ దగ్గర నిలబడ్డారు. మేడం ఆ పిలగాని తల్లిదండ్రులను పిలిపించింది. ఫోను తీయించి చూసింది. అందులో ఫోటో లేదు. వాడు మళ్లీ అటు రాలేదు.

మేనత్త మళ్లీ వచ్చింది. “18 నిండనియ్ వదినే. గప్పుడు పిల్లనే అడుగుదం” అంది తల్లి. 18 నిండక ముందు ఆడపిల్లకు పెళ్లి చేయరాదని 2006 నాటి చట్టం చెబుతుంది. ఆ మాట చెప్పే ధైర్యం ఆ తల్లికి ఎక్కడిది? కథ చదివినందుకు వచ్చింది. బిడ్డతో మాట కలిసినందుకు వచ్చింది.

ఆలోచించండి అక్కలారా. పుస్తకం బియ్యం డబ్బాలోనే ఉండి ఉంటే ఏమయ్యేది?

ఆ కథ రాసింది ఎవరు?

ఆ బాలమణి కథ రాసిన ఆమె గోగు శ్యామల. ఆమెది దూరం ఊరు కాదు. కనకమామిడి స్టేజీ దగ్గర నిలబడండి. మర్రిచెట్ల కింద నుంచి పోయే రోడ్డు చూడండి. అది చేవెళ్ల పోతుంది. మన్నెగూడ పోతుంది. అక్కడి నుంచి వికారాబాద్, ఆ తర్వాత తాండూరు. తాండూరు దగ్గర పెద్దేముల్. అదే గోగు శ్యామల పుట్టిన ఊరు. 1969లో పుట్టారు. కూలి చేసుకునే దళిత కుటుంబం వారిది.

మీ ఊరి ముందు నుంచి పోయే బస్సు ఆమె ఊరి దిక్కే పోతుంది. మీ మాటే ఆమె మాట. అందుకే ఆమె రాసిన కథలు చదివితే పక్కింటి ఆమె మాట్లాడినట్లు ఉంటుంది.

ఆమె ఒక కథల పుస్తకానికి ఏం పేరు పెట్టారో తెలుసా? ఏనుగంత తండ్రి కన్నా ఏకుల బుట్టంత తల్లి నయం అనే అర్థం వచ్చే సామెతనే పేరుగా పెట్టారు. ఆ సామెత మీకు తెలుసు. మీ అవ్వ చెప్పి ఉంటుంది. మీ నోట్లోని సామెత పుస్తకం మీద అచ్చయింది. ఆ కథలు ఇంగ్లీషులోకి కూడా పోయాయి. 2012లో ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. పెద్దేముల్ దిక్కు పొలం గట్ల ముచ్చట దేశదేశాల వాళ్లు చదివారు.

హైదరాబాదులో అన్వేషి అనే సంస్థ ఉంది. ఆడవాళ్ల జీవితాల మీద పరిశోధన చేసే సంస్థ. బడి పుస్తకాలలో, పిల్లల కథలలో ఎవరి ఇళ్లు కనబడుతున్నాయి, ఎవరి ఇళ్లు కనబడడం లేదు అని వాళ్లు చూశారు. కూలివాళ్ల పిల్లలు లేరు. దళితుల పిల్లలు లేరు. ముస్లిం పిల్లలు లేరు. ఉన్నా జాలిపడే బొమ్మల లాగా ఉన్నారు. అందుకని ఆ పిల్లల కథలు రాయించారు. 2008లో ఎనిమిది పుస్తకాలు తెచ్చారు. తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషలలో అవి వచ్చాయి. గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్ బాబు వంటివారు ఆ వరుసలో రాశారు.

ఖదీర్ బాబు నెల్లూరు జిల్లా కావలి మనిషి. తన చిన్నతనం ముచ్చట్లతో ‘దర్గామిట్ట కతలు’ రాశారు. ఇంట్లో పేదరికం ఉంటుంది. అమ్మ తిట్లు ఉంటాయి. చదువుతుంటే నవ్వు వస్తుంది. నవ్వుతూనే కళ్లలో నీళ్లు వస్తాయి. మగపిల్లలకు కూడా ఇట్లాంటి కథలు కావాలి. మగపిల్లవాడు ఏడవకూడదని చెప్పి చెప్పి వాళ్ల మాట మనమే మూసేశాము.

కేంద్ర సాహిత్య అకాడెమీ 2010 నుంచి పిల్లల రచయితలకు ఏటా బాల సాహిత్య పురస్కారం ఇస్తున్నది. మొదటి ఏడు తెలుగులో కలువకొలను సదానందకు వచ్చింది. ఆయన రాసిన ‘అడవితల్లి’ నవలకు ఇచ్చారు. 2013లో డి. సుజాతాదేవికి, 2020లో కన్నెగంటి అనసూయకు వారి కథల పుస్తకాలకు వచ్చింది. 2024లో పి. చంద్రశేఖర ఆజాద్ నవలకు వచ్చింది. ఈ పేర్లు రాసుకోండి. పుస్తకం అడిగేటప్పుడు పేరు తెలిస్తే పని సులువు.

కథలు చదివితే పిల్లలు చెడిపోతారా?

ఈ ప్రశ్న ప్రతి తల్లికీ వస్తుంది. తప్పు లేదు. కొన్ని పుస్తకాలు మంచివి కావు. ఆడపిల్లను అంగడి సరుకు లాగా చూపించేవి ఉన్నాయి. రౌడీతనమే మగతనం అని చెప్పేవీ ఉన్నాయి. ఫోనులో వచ్చే వాటిలో ఇంకా ఉన్నాయి.

అయితే ఏది మంచిదో ఏది చెడ్డదో ఎట్లా తెలుస్తుంది? చదివితేనే తెలుస్తుంది. అట్ట చూసి తిట్టవద్దు. గుంజుకుని డబ్బాలో పెట్టవద్దు. మీరూ చదవండి. చదవడం ఆలస్యం అవుతుందా? బిడ్డను చదివి వినిపించమనండి. మీరు మిరపకాయల తొడిమలు తీస్తూ వినండి.

చదివిన తర్వాత “దీని నీతి ఏంది?” అని అడగవద్దు. అది పరీక్ష అవుతుంది. పిల్లలు పారిపోతారు. “ఆ పిల్ల అట్ల ఎందుకు జేసింది? నువ్వైతె ఏం జేస్తుంటివి?” అని అడగండి. బిడ్డ చెప్పింది మీకు నచ్చకపోవచ్చు. కొట్లాట వద్దు. మీ మాట మీరు చెప్పండి. ఆమె మాట ఆమె చెబుతుంది. కథ నడుమ ఉంటే కష్టమైన మాట కూడా సులువుగా వస్తుంది. తన గురించి చెప్పలేని పిల్ల, కథలోని పిల్ల గురించి చెబుతుంది. విన్న తల్లికి అర్థమవుతుంది.

కథ రాయడం కూడా కష్టమే

పూలతోట వేస్తే ఎంత పని ఉంటుందో మీకు తెలుసు. నారు పోయాలి. నాటాలి. కలుపు తీయాలి. మందు కొట్టాలి. తెల్లారకముందే కోయాలి. గుడిమల్కాపూర్ మార్కెట్టుకు చేర్చాలి. ఇంత చేసినా ఒక్కోరోజు ధర పలకదు. బస్తా పూలు పారబోసి వట్టి చేతులతో రావాలి.

పుస్తకం పని కూడా అట్లాంటిదే. రాసినామె నెలల తరబడి రాస్తుంది. కొట్టేస్తుంది. మళ్లీ రాస్తుంది. తర్వాత కాగితం కొనాలి. బొమ్మలు వేయించాలి. అచ్చు వేయించాలి. అట్ట కుట్టించాలి. దుకాణానికి పంపాలి. దుకాణం వాళ్లకు కమీషను ఇవ్వాలి. అన్నీ పోగా రాసినామె చేతికి వచ్చేది చాలా కొద్ది. తెలుగులో చాలా కథల పుస్తకాలు ఒక్కసారికి ఐదు వందలో వెయ్యో వేస్తారు. చాలాసార్లు రచయితే సొంత డబ్బు పెట్టి వేయించుకుంటారు. ఆ పుస్తకాలు అమ్ముడుపోక మంచం కింద కట్టలుగా పడి ఉంటే ఇంకో పుస్తకం ఎట్లా వస్తుంది?

పూలు కొనేవాళ్లు లేకపోతే పూలతోట ఉండదు. కథ చదివేవాళ్లు లేకపోతే కథ రాసేవాళ్లు ఉండరు.

మీరు ఏం చేయవచ్చు?

“మేము కూలోళ్లం. రచయితలకు మేమేం జేస్తం?” అని అనుకోవద్దు. మీరు చేయగలిగినవి ఉన్నాయి.

మొదటిది, గ్రంథాలయంలో అడగండి. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను ఉంటుంది. ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు. లెక్క కట్టండి. ఇంటి పన్ను 500 రూపాయలైతే గ్రంథాలయ పన్ను 40 రూపాయలు. అది మీ చెమట డబ్బు. ఆ డబ్బుతోనే జిల్లా గ్రంథాలయ సంస్థ పుస్తకాలు కొంటుంది. కాబట్టి గ్రంథాలయంలోకి పోవడానికి జంకవద్దు. “12 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఏం కథలున్నాయి? ఫలానా వారి పుస్తకం తెప్పించండి” అని అడగండి. పదిమంది అడిగితే తెప్పిస్తారు. గ్రంథాలయం కొన్న పుస్తకం వందమంది చదువుతారు. రచయితకూ మేలు. ఊరికీ మేలు.

హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టారు. అప్పుడు నిజాం రాజ్యం. తెలుగు చదువుకు దిక్కు లేని కాలం. ఆ రోజుల్లో చందాలు పోగు చేసి గ్రంథాలయాలు పెట్టుకున్నారు. వాళ్లు అంత కష్టంలో పెట్టుకున్నారు. ఇప్పుడు ఉన్నవాటిని ఖాళీగా ఉంచవద్దు.

రెండోది, సంఘంలో కలిసి కొనండి. పదిమంది తలా 20 రూపాయలు వేయండి. 200 రూపాయలు అవుతాయి. ఒకటో రెండో పుస్తకాలు వస్తాయి. వారానికి ఒక ఇల్లు చొప్పున పది ఇళ్లు తిరుగుతాయి. పది వారాల్లో పది ఇళ్ల పిల్లలూ చదువుతారు. ఏడాదికి నాలుగుసార్లు ఇట్లా చేస్తే చిన్న అలమార నిండుతుంది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980 నుంచి పుస్తకాలు వేస్తున్నది. గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల రచనల సంకలనం ‘నల్లపొద్దు’ను 2003లో వాళ్లే వేశారు. జపాన్ పిల్ల టొట్టోచాన్ బడి ముచ్చట ‘రైలుబడి’ పేరుతో తెలుగులో ఉంది. సికింద్రాబాదులో ‘మంచి పుస్తకం’ వాళ్లు పిల్లల పుస్తకాలు వేస్తారు. ఏటా చలికాలంలో హైదరాబాదులో పుస్తకాల జాతర జరుగుతుంది. మెహిదీపట్నం బస్సు ఎక్కి పిల్లలతో ఒక్కసారి పోయి రండి. కొనకపోయినా చూడండి. పట్టుకుని చూస్తే భయం పోతుంది.

మూడోది, రాసినవాళ్ల కూలి ఎగ్గొట్టవద్దు. పుస్తకం మొత్తం ఫోటోలు తీసి ఫోనులో పంచుకుంటారు కొందరు. అది రాసినామె రెక్కల కష్టం. మీ కూలి ఒకరోజు ఎగ్గొడితే ఊరుకుంటారా? పుస్తకం ఒకటి కొని చేతులు మారితే తప్పు లేదు. దొంగ కాపీలు వేరు.

నాలుగోది, ఉత్తరం రాయండి. ఇది అన్నిటికన్నా చిన్న పని. రాసినవాళ్లకు అన్నిటికన్నా పెద్ద బలం. తన కథ ఎవరు చదివారో రచయితకు తెలియదు. ఏ ఇంట్లో ఎవరు కన్నీళ్లు పెట్టారో తెలియదు. తపాలా కార్డు మీద నాలుగు మాటలు రాయండి. పుస్తకం వేసినవారి చిరునామా పుస్తకం లోపలే ఉంటుంది. అక్కడికి పంపితే వాళ్లు రచయితకు అందిస్తారు. తప్పులు పోతాయని సిగ్గుపడవద్దు. నచ్చితే నచ్చిందని రాయండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో అదీ రాయండి.

అమెరికాలోని తెలుగువారి సంఘం తానా, మంచి పుస్తకం వాళ్లతో కలిసి పిల్లల నవలలకు పోటీలు పెట్టింది. సముద్రాలు దాటిపోయిన తెలుగువాళ్లు తమ శక్తి కొద్దీ ఆ పని చేశారు. కనకమామిడి అక్కలు తమ శక్తి కొద్దీ ఒక కార్డు రాయలేరా?

రేపటి రచయిత మీ ఇంట్లోనే ఉండవచ్చు

అమెరికాలో హింటన్ అనే బడిపిల్ల ఉండేది. తన వయసు పిల్లల నిజమైన బతుకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు ఆమెకు. 15 ఏళ్ల వయసులో తానే ఒక నవల రాయడం మొదలుపెట్టింది. బీద పిల్లలు, డబ్బున్న పిల్లలు, వాళ్ల కొట్లాటలు, వాళ్ల దుఃఖం రాసింది. 1967లో అది అచ్చయింది. ఆడపిల్ల రాసిందంటే తీసిపారేస్తారని పుస్తకం మీద పూర్తి పేరు వేయలేదు. పొడి అక్షరాలు, ఇంటిపేరు మాత్రమే వేశారు. ఆ పుస్తకం తర్వాత ఆ దేశంలో ఎదిగే పిల్లల కోసం చాలా నవలలు వచ్చాయి.

అమెరికా దాకా ఎందుకు? సిద్దిపేట జిల్లా జక్కాపూర్ బడిపిల్లలు రాసిన కథలు పుస్తకంగా వచ్చాయి. అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర ప్రకృతిబడి ఉంది. అక్కడి నుంచి 2008లో ‘కొత్తపల్లి’ అనే పిల్లల పత్రిక మొదలైంది. అందులో ఊళ్ల పిల్లలు రాసిన కథలు అచ్చు వేశారు.

మీ బిడ్డ నోటుబుక్కు వెనక పేజీల్లో ఏదో రాసుకుంటూ ఉండవచ్చు. చింపివేయవద్దు. నలుగురిలో చదివి నవ్వవద్దు. “నాకు సదివి వినిపిస్తవా?” అని అడగండి. వినిపించనంటే ఊరుకోండి. ఒకనాడు తానే వినిపిస్తుంది.

ఒక ఉత్తరం

ఇందాక చెప్పుకున్న తల్లి గుర్తుందా? ఆమె కూడా కార్డు రాసింది అనుకోండి. ఎట్లా రాసి ఉంటుంది? ఇట్లా రాసి ఉంటుంది.

“అక్కా, నమస్తే. మాది కనకమామిడి. పూలు కోస్త. నిరుడే సదువు నేర్చిన. నీ కథ మూడు రాత్రులు సదివిన. నీ కథల పిల్ల కొట్లాడి గెలిచింది. నేను ఆ వయసుల నోరు తెరవలే. నా బిడ్డ తెరిచింది. నీ పుస్తకం వల్ల తెరిచింది. గందుకే నీకు రాస్తున్న. అక్షరాలు వంకర ఉన్నయ్, ఏమనుకోకు. ఇంకో కథ రాయి. మేము సదువుతం.”

ఇంతే. కొద్ది మాటలే. ఇట్లాంటి కార్డు అందుకున్న మనిషి రాయడం మానదు. ఆమె రాసిన తర్వాతి కథ ఏ ఊళ్లోనో ఇంకో పిల్ల నోరు తెరిపిస్తుంది.

అక్కలారా! ఈ రాత్రి ఇంటికి పోయి ఒక పని చేయండి. మీ బిడ్డ ఏం చదువుతుందో అడగండి. తిట్టే గొంతుతో అడగవద్దు. పక్కన కూర్చుని అడగండి. పుస్తకం ఉంటే “నాకూ ఇయ్యి బిడ్డా, నేనూ సదువుత” అనండి. పుస్తకం లేకపోతే వచ్చే సంఘం రోజున తలా 20 రూపాయలు తెండి.

బియ్యం డబ్బాలో బియ్యమే ఉండాలి. పుస్తకం తల్లీబిడ్డల చేతుల్లో ఉండాలి.

సెలవు.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. తల్లి మొదట పుస్తకం ఎందుకు దాచింది? తర్వాత ఎందుకు ఇచ్చింది?

2. బిడ్డ తన కష్టం తల్లికి ఎందుకు చెప్పలేదు? మీ ఇంట్లో పిల్లలు మీకు అన్నీ చెబుతారా?

3. మీ ఇంటి పన్ను ఎంత? అందులో గ్రంథాలయ పన్ను ఎంత? లెక్క కట్టి రాయండి.

4. మీకు నచ్చిన కథ రాసినవారికి నాలుగు మాటల ఉత్తరం రాయండి. రాసి సంఘంలో చదివి వినిపించండి.